మార్ష్ ఒడ్డున సదరన్ కోస్టల్ ఇల్లు: ఈ మూడు ప్లాన్లలో ఏది కొనాలి?

మీ ప్రశ్నలోని వివరాలన్నీ ముందు ఒకచోట పెడుతున్నాను, లేకపోతే కింద లెక్కలు ఎవరికీ అర్థం కావు. సౌత్ కరొలైనా తీరంలో, చార్లెస్టన్‌కి దక్షిణంగా, ఉప్పునీటి మార్ష్‌ని (గడ్డి మొలిచే చిత్తడి నేలని) ఆనుకుని స్థలం కొన్నారు. వెడల్పు 70 అడుగులు, లోతు 150. పడమర రోడ్డు, తూర్పున మార్ష్. ఫ్లడ్ జోన్ ఏఈ, అంటే వరద ముప్పు ఎక్కువని మ్యాప్‌లో గుర్తించిన చోటు. బేస్ ఫ్లడ్ ఎలివేషన్, అంటే పెద్ద వరదలో నీళ్ళు లేస్తాయని లెక్కేసిన మట్టం, 10 అడుగులు, మీ నేల మట్టం 6 అడుగులు, కౌంటీ ఆ పదికి పైన ఇంకో 2 అడుగులు ఎత్తమంటోంది. ఆన్‌లైన్‌లో మూడు ప్లాన్లు చూసిపెట్టుకున్నారు. మొదటిది నాలుగు వైపులా పోర్చ్ తిరిగే రెండంతస్తుల ఇల్లు. రెండోది సన్నగా, లోతుగా ఉండి ఒక పక్కంతా పోర్చ్ ఉన్న చార్లెస్టన్ తరహా. మూడోది పెద్ద పెద్ద త్రికోణపు గోడలు, నీటి వైపు రెండంతస్తుల ఎత్తు అద్దాలు ఉన్న 'కోస్టల్ ఫామ్‌హౌస్'. అమ్మానాన్నలు వచ్చి నెలల తరబడి ఉంటారు. వాస్తు ఎంతవరకు పట్టించుకోవాలి అని కూడా అడిగారు.

నా ఓటు రెండోదానికి. అయితే ఉన్నది ఉన్నట్టుగా కాదు.

ఈ తీరంలో ఇళ్ళకి స్ట్రక్చరల్ డ్రాయింగులు వేయడం నా వృత్తి. మనవాళ్ళు, అమెరికన్లు అని తేడా లేదు, అందరూ వెబ్‌సైట్లో ముందుభాగం బొమ్మ చూసి ప్లాన్ కొంటారు. సాయంత్రపు వెలుగు, తెల్ల స్తంభాలు, రెండు రాకింగ్ కుర్చీలు, పక్కన ఓక్ చెట్టుకి వేలాడే నాచు. తీరంలో ప్లాన్‌ని చూడాల్సింది అక్కడ కాదు. ఇంటిని పైనుంచి కిందికి కోస్తే ఎలా ఉంటుందో చూపించే షీటు ఒకటి ఉంటుంది, సెక్షన్ అంటారు. నేల నుంచి మొదటి ఫ్లోర్ ఎంత ఎత్తు, ఫ్లోర్ కింద ఏముంది, పైకప్పు వాలు ఎంత అన్నీ అందులోనే తేలతాయి. మీ మూడింటికీ నేను అదే పరీక్ష పెట్టాను.

దానికన్నా ముందు చిన్న కూడికలు తీసివేతలు. పక్కల చెరో 10 అడుగులు వదలాలన్నారు కాబట్టి కట్టడానికి మిగిలేది 50 అడుగుల వెడల్పు. మొదటి ప్లాన్ పోర్చ్‌లతో కలిపి 64 అడుగులు. కథ అక్కడితో సరి. పోర్చ్ గోడ కాదు కదా, లెక్కలోకి రాదేమో అని చాలామంది అనుకుంటారు. పైన కప్పు ఉంటే సాధారణంగా లెక్కలోకి వస్తుంది. పైగా నాలుగు వైపులా పోర్చ్ అంటే ఉత్తరం వైపు పోర్చ్‌లో ఎవరూ కూర్చోరు, దాని డబ్బులు మాత్రం మీవే. లోతులో చూస్తే, ముందు 25, మార్ష్ వైపు 50 పోతే 75 మిగులుతుంది. రెండో ప్లాన్ 34 వెడల్పు, 72 లోతు. పడుతుంది, మూడే అడుగుల వెసులుబాటుతో. ఆ మూడడుగుల సంగతి మెట్ల దగ్గర మళ్ళీ వస్తుంది.

మూడో ప్లాన్ సెక్షన్ చూడండి: నేల మీద కాంక్రీట్ స్లాబ్. దాన్ని ఏ ఊరికోసమో గీసి, ముందు రెండు నీలం షట్టర్లు తగిలించి 'కోస్టల్' అని పేరు పెట్టారు. మీ దగ్గర ఫ్లోర్ నేలకి ఆరడుగుల పైన ఉండాలి. "పునాది మార్పించుకుందాం" అంటే పునాదితో ఆగదు. నీటి వైపు రెండంతస్తుల అద్దం ఉన్నచోట గాలికి అడ్డంగా నిలబడే గోడ లేదు. చార్లెస్టన్ చుట్టుపక్కల డిజైన్ గాలివేగం గంటకి 140 మైళ్ళకి అటూఇటూ ఉంటుంది. ఆ గాలికి ఆ ముఖం నిలవాలంటే అద్దాల మధ్య స్టీల్ ఫ్రేమ్ పెట్టాలి, అద్దాలేమో ఎగిరొచ్చిన దుంగ తగిలినా చిల్లుపడని ఇంపాక్ట్ రకం కావాలి. బొమ్మ బాగుంది, కాదనను. మీ బడ్జెట్‌లో మాత్రం ఆ ఒక్క గోడే సగం వంటింటిని మింగేస్తుంది.

ఇక రెండోది. చార్లెస్టన్ సింగిల్ హౌస్ అంటే ఒక గది వెడల్పు ఇల్లు. సన్నటి ముఖం వీధికి, పొడుగు పక్క లోపలికి. ఆ పొడుగు పక్కంతా పోర్చ్, అక్కడివాళ్ళు పియాజా అంటారు, సాధారణంగా దక్షిణానికో పడమరకో తిరిగి ఉంటుంది. వీధిలోంచి తలుపు తీస్తే ఇంట్లోకి కాదు, పియాజాలోకి వెళ్తారు. ఇంటి అసలు తలుపు ఆ పొడుగు గోడ మధ్యలో ఉంటుంది, అక్కడ నడవా, మెట్లు, చెరో పక్కన గది. ఎండాకాలంలో నైరుతి నుంచి వచ్చే గాలి ఒక కిటికీలో దూరి ఎదురు కిటికీలోంచి పోవాలన్నదే దీని వెనక ఉన్న ఆలోచన. బ్యూఫర్ట్‌ అనే ఇదే తీరంలోని ఊళ్ళో పాత ఇళ్ళది ఇంకో పద్ధతి: కింద అరుగు ఎత్తుగా, ఆల్చిప్పల సున్నంతో పోసిన ట్యాబీ గోడలు, ఇల్లు దక్షిణానికి చూస్తూ వెనక టీ అక్షరంలా పెరుగుతుంది. రెంటిలోనూ మూలసూత్రం ఒక్కటే. నేలకి దూరంగా, గాలికి దగ్గరగా.

(ఈ ఇళ్ళని 'ప్లాంటేషన్ స్టైల్' అని అమ్ముతుంటారు, సబ్‌డివిజన్లకీ (ఇళ్ళ కాలనీలకీ) అదే పేరు. ఈ తీరం వరిపంట డబ్బుతో, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల చెమటతో కట్టింది. వరి పండించింది వాళ్ళే, చార్లెస్టన్‌లో వడ్రంగం, తాపీపని చాలావరకు చేసిందీ వాళ్ళే. పోర్చ్ సీలింగ్‌కి లేత నీలం వేస్తారు చూశారా, అది కూడా వాళ్ళ వారసులైన గల్లా గీచీ జనం నమ్మకం, దయ్యాలు రావని. మీరు వేయించుకుంటే ఎక్కడినుంచి వచ్చిందో తెలిసి వేయించుకోండి.)

మీ స్థలానికి ఈ ఆకారం కొలిచినట్టు సరిపోయింది. సన్నటి ముఖం పడమర రోడ్డుకి, పొడుగు పక్క దక్షిణానికి, చివర తూర్పున మార్ష్. ఇక్కడ అక్షాంశం 32 దాటింది. జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 81 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, డిసెంబర్లో 34. పదడుగుల లోతు పియాజా, తొమ్మిదడుగుల ఎత్తులో దూలం అనుకుంటే, జూన్‌లో గోడమీద ఎండ పొడ పడదు. డిసెంబర్లో మూడడుగుల మేర గదిలోకి వస్తుంది. కావలసింది అదే. మన గుంటూరులో జూన్ మధ్యాహ్నం సూర్యుడు నెత్తి దాటి కాస్త ఉత్తరానికి వెళ్తాడు, ఇక్కడ మధ్యాహ్నం ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు. అందుకే అక్కడి దిక్కుల సూత్రాలు తెచ్చి ఇక్కడ అచ్చుగుద్దకూడదని చెప్తుంటాను.

వాస్తు దగ్గరికి వచ్చాం కాబట్టి అది తేల్చేద్దాం. తూర్పున నీరు, తూర్పుకి పల్లం, మీ పంతులుగారు సంతోషించే విషయం. వంటిల్లు ఆగ్నేయంలో అంటే పియాజా చివర, మార్ష్ వైపు మూల. ప్లాన్‌లో ఇప్పుడు అక్కడ డైనింగ్ ఉంది, మార్చడం తేలిక. పూజగది ఈశాన్యం, అదీ కుదురుతుంది. గొడవల్లా దక్షిణం తెరిచి ఉండటం, నడవా తలుపు దక్షిణానికి ఉండటం. వీధి వైపు పియాజా తలుపు పడమర ముఖం కదా, దానికే గడప కట్టించి, దాన్నే సింహద్వారం అనుకుని గృహప్రవేశం చేసుకోండి. ఒప్పుకునే పంతులుగారు దొరుకుతారు. వాస్తు కోసం ప్లాన్‌ని అద్దంలో బొమ్మలా తిప్పేసి పియాజాని ఉత్తరానికి పెడదామని రాశారే, అది మాత్రం వద్దు. వేసవి గాలి పోతుంది, చలికాలం ఎండ పోతుంది. ఇంకొకటి, ఈ తరహా ఇళ్ళలో ఉత్తరం గోడకి కిటికీలు తక్కువ పెట్టడం పాత మర్యాద. పక్కింటివాళ్ళ పియాజా మీ ఉత్తరం గోడకి ఎదురుగా ఉంటుంది, వాళ్ళని తొంగి చూడకుండా. మీ ప్లాన్‌లో ఉత్తరం వైపు కిటికీలు కాస్త పైకి జరిపి చిన్నవి చేశారు చూడండి, గీసినవాళ్ళకి ఊరు తెలుసనడానికి అది గుర్తు.

ఇప్పుడు అసలు విషయం, ఎత్తు. లెక్క ప్రకారం ఫ్లోర్ 12 అడుగుల మట్టంలో ఉండాలి, నేల 6, అంటే ఆరడుగులు లేపితే చాలనుకుంటారు. కాగితం మీద నిజమే. కానీ ఫ్లోర్ కింద దాన్ని మోసే దూలాలు, అంటే జాయిస్టులు, 14, 16 అంగుళాలు, వాటికింద ఏసీ డక్టులు ఇంకో అడుగు పైన. ఏసీ సరంజామా, డక్టులు కూడా ఆ 12 కి పైనే ఉండాలి. డక్టులు ఫ్లోర్ కింద వేలాడితే ఇల్లు మొత్తం ఇంకో రెండున్నర అడుగులు లేవాలి. ఈ సంగతి ప్లాన్ అమ్మేవాళ్ళు చెప్పరు, ప్లంబింగ్ అయ్యాక ఇన్‌స్పెక్టర్ చెప్తాడు. రెండు దారులున్నాయి. డక్టుల్ని రెండు అంతస్తుల మధ్య ఉండే ఫ్లోర్ ట్రస్సుల్లో (లోపల ఖాళీలుండే దూలాల్లో), అటకలో సర్ది ఇల్లు ఆరడుగుల దగ్గర ఆపడం. లేదా ఎలాగూ లేపుతున్నాం కదా అని తొమ్మిదడుగులకి తీసుకెళ్ళి కింద కార్లు పెట్టుకోవడం.

నేనైతే తొమ్మిదే అంటాను, డక్టులు మాత్రం కింద వేలాడకుండా. ఆరడుగుల జాగా దేనికీ కొరగాదు. కారు పట్టదు, వంగి నడవాలి, ఆకులూ పాములూ చేరతాయి. తొమ్మిదికి వెళ్తే గ్యారేజీకి వేరే స్థలం అక్కర్లేదు, ఫ్లడ్ ఇన్సూరెన్స్ ప్రీమియంలోనూ ఎత్తు కలిసొస్తుంది.

కానీ తొమ్మిదికి వెళ్ళగానే రెండు చిక్కులు. ఒకటి ఇంటి మొత్తం ఎత్తు. మీ దగ్గర పరిమితి 35 అడుగులన్నారు. తొమ్మిది, కింది అంతస్తు పది, మధ్య ఫ్లోర్ మందం ఒకటిన్నర, పై అంతస్తు తొమ్మిది, మొత్తం 29.5. పైకప్పుకి మిగిలింది ఐదున్నర. పోర్చ్ తీసేస్తే ఇల్లు 24 అడుగుల వెడల్పు. ప్లాన్‌లో వాలు 12 కి 8 ఉంది, అంటే 12 అడుగులు అడ్డంగా పోతే 8 లేస్తుంది. 24లో సగం 12 కాబట్టి కొన ఎనిమిదడుగులు లేస్తుంది, మొత్తం 37.5. పరిమితి దాటిపోయింది. వాలు 12 కి 5 చేస్తే 34.5, గీతకి ఇటువైపే. అయితే ఎత్తుని కొన్ని ఊళ్ళలో నేల నుంచి కొలుస్తారు, కొన్నిచోట్ల ఫ్లడ్ మట్టం నుంచి, కొన్నిచోట్ల కొన దాకా కాకుండా కప్పు సగం దాకా. మీ ప్లానింగ్ ఆఫీసులో ఈ ఒక్క ప్రశ్నకి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకున్నాకే ప్లాన్‌కి డబ్బులు కట్టండి. కింది అంతస్తు సీలింగ్ మాత్రం పది నుంచి తగ్గించకండి. పైన ఎనిమిదిన్నర చేసినా ఫర్వాలేదు.

రెండోది మెట్లు. తొమ్మిదడుగులు అంటే 108 అంగుళాలు, ఏడు చిల్లర అంగుళాల చొప్పున 15 మెట్లు. ఒక్కో పాదానికి 11 అంగుళాలు వేసుకుంటే ముందుకి దాదాపు 13 అడుగుల జాగా తింటాయి. మీకున్న వెసులుబాటు మూడడుగులు. వీధి వైపు తిన్నగా మెట్లు రావు. దక్షిణం పక్క 16 అడుగులు ఖాళీ ఉంది కదా, పియాజాని ఆనుకుని పక్కవాటుగా దింపండి, మధ్యలో ఒక మలుపు, అక్కడ కూర్చోవడానికి చిన్న బల్ల. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఆ బల్ల విలువ ఆర్కిటెక్ట్‌కి తెలియదు. దాంతోపాటు మూడు మట్టాల్లోనూ ఒకదానిమీద ఒకటి ఐదడుగుల చదరపు అల్మారాలు గీయించండి. ఇవాళ లిఫ్ట్ కొనకపోయినా రేపు ఫ్లోర్ కోసి పెట్టుకోవచ్చు. పెట్టేటప్పుడు మోటారు పైన ఉండాలి, కింద నీళ్ళుంటే లిఫ్ట్ దిగకుండా ఆపే ఫ్లోట్ స్విచ్ ఉండాలి. అమ్మానాన్నల పడకగది, బాత్రూమ్ బయటి మెట్లెక్కగానే వచ్చే కింది అంతస్తులోనే.

కింద జాగాని గోడలతో మూసేయాలనిపిస్తుంది. ఏఈ జోన్‌లో మూయవచ్చు, కానీ మూసిన ప్రతి చదరపు అడుగుకి ఒక చదరపు అంగుళం చొప్పున నీళ్ళు దూరే రంధ్రాలు కావాలి. అవి కనీసం రెండు, వేర్వేరు గోడల్లో, నేలకి అడుగులోపు ఉండాలి. వెయ్యి చదరపు అడుగులు మూస్తే వెయ్యి చదరపు అంగుళాల చిల్లులు. అంతకన్నా ఇటుక స్తంభాల మధ్య చెక్క పట్టీలు కొట్టించండి, పాత ఇళ్ళ అందం కూడా అదే. ఇక "పర్మిట్ అయిపోయాక కింద ఒక గెస్ట్ రూమ్ వేసుకుందాం" అనే మాట మన గ్రూపుల్లో తెగ వినిపిస్తుంది. కింద పార్కింగ్, సామాను, మెట్లు, అంతే. గది వేస్తే నిబంధన ఉల్లంఘన, ఇన్సూరెన్స్ ప్రీమియం పెరుగుతుంది, ఇల్లు అమ్మేటప్పుడు బయటపడుతుంది, వరదలో పోతే ఎవరూ పైసా ఇవ్వరు. మీ మ్యాప్‌లో లిమ్వా అనే గీత ఉంటుంది, ఒకటిన్నర అడుగుల అలలు వచ్చే హద్దు. మీ స్థలం దానికి సముద్రం వైపు పడితే కథ మారుతుంది, పెద్ద అలలు తగిలే వీఈ జోన్ లాగా చూడాల్సి వస్తుంది. అక్కడ ఫ్లోర్ పైభాగం కాదు, కింది దూలం అడుగు ఎక్కడుందో కొలుస్తారు. సర్వేయర్‌ని అడగండి.

గాలి విషయంలో రెండో ప్లాన్‌కి మార్కులు ఎక్కువే. నాలుగు వైపులా వాలే హిప్ కప్పు. త్రికోణపు గోడలు గాలికి ఎదురొడ్డి నిలబడతాయి, హిప్ కప్పు మీద గాలి జారిపోతుంది. 1989 సెప్టెంబర్లో హ్యూగో తుఫాను సల్లివన్స్ ఐలండ్ దగ్గర నాలుగో కేటగిరీలో తీరం దాటింది. ఆ కబుర్లు ఇక్కడి పాత కాంట్రాక్టర్లు ఇప్పటికీ చెప్తారు. గాలి ముందు పట్టుకునేది పోర్చ్ కప్పుని, ఎందుకంటే దానికి కిందనుంచి కూడా తోపు ఉంటుంది. కాబట్టి పియాజా స్తంభాలకి పైనా కిందా స్టీల్ పట్టీలు ఉండాలి, వాసం నుంచి దూలానికి, దూలం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి పునాదికి తెగని గొలుసులా. ఆ బోల్టులు, మేకులు, పట్టీలు స్టెయిన్‌లెస్ స్టీలో, మందపాటి గాల్వనైజ్‌డ్‌వో అయ్యుండాలి. ఉప్పుగాలి మామూలు మేకుని కొద్ది ఏళ్ళలో తినేస్తుంది. షట్టర్లు పెడితే మూసుకునేవి పెట్టండి. గోడకి స్క్రూ కొట్టిన, కిటికీలో సగం వెడల్పైనా లేని ఉత్తుత్తి షట్టర్లు ఈ ప్లాన్‌కి అవమానం.

పియాజా లోతు ప్లాన్‌లో పది ఉంది, తగ్గించకండి. ఎనిమిది కన్నా తక్కువైతే కుర్చీ వెనక మనిషి నడవలేడు. మన ఊళ్ళో వసారా ఎలా వాడతామో ఇదీ అలాగే వాడాలంటే మంచం పట్టాలి కదా! మార్ష్ చివర పన్నెండడుగులు జాలీ కొట్టించండి, సాయంత్రం నోసీయమ్స్ అనే కంటికి కనపడని కుట్టుడు పురుగులు వస్తాయి. మామూలు దోమతెరలో దూరిపోతాయి, సన్న జాలీ అడగండి.

వంటింటి సంగతి. మూడు ప్లాన్లలోనూ వంటిల్లు హాల్లో కలిసిపోయి ఉంది. పాత సదరన్ ఇళ్ళలో వంటిల్లు ఇంటికి విడిగా పెరట్లో ఉండేది, వేడికి, నిప్పుకి భయపడి. మీరు ఆగ్నేయ మూల చిన్న స్పైస్ కిచెన్ తలుపుతో వేయించుకుంటే సంప్రదాయం తప్పినట్టేమీ కాదు. తాలింపు ఘాటు బయటికి పోవాలని పెద్ద హుడ్ పెడతారు. నిమిషానికి 400 ఘనపుటడుగులు దాటితే, లాగేసినంత గాలిని లోపలికి ఇచ్చే ఏర్పాటు కోడ్ అడగొచ్చు. అడగకపోయినా పెట్టండి. లేకపోతే ఆ హుడ్ ఆగస్టు తేమగాలిని ప్రతి సందులోంచీ లోపలికి పీలుస్తుంది, అల్మారాల వెనక బూజు పడుతుంది. ఏసీ కూడా పెద్దది పెట్టించుకోకండి. పెద్దది తొందరగా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ అలాగే ఉంటుంది. విడిగా డీహ్యుమిడిఫయర్ (గాలిలో తేమ లాగే యంత్రం) మేలు.

డబ్బు దగ్గర ఒకే మాట. ఇక్కడ మామూలు హోమ్ పాలసీ వరదకి వర్తించదు, తీరంలో గాలికి కూడా చాలాసార్లు వేరే పాలసీయే. మూడు కొటేషన్లూ ఇప్పుడే తెప్పించుకోండి. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీలో ఇంటికి రెండున్నర లక్షల డాలర్లు, సామానుకి లక్ష వరకే. హరికేన్ డిడక్టిబుల్ శాతంలో ఉంటుంది: ఆరు లక్షల ఇంటికి 5 శాతం అంటే మొదటి ముప్పై వేలు మీ జేబులోంచే.

ప్లాన్ కొనేటప్పుడు పీడీఎఫ్ కాకుండా క్యాడ్ ఫైల్ (కంప్యూటర్లో గీతలు మార్చుకోగలిగేది), మార్పులకి అనుమతి ఉన్న లైసెన్సు కొనండి. వంటిల్లు, మెట్లు, కప్పు వాలు, పునాది మారుతున్నాయి కాబట్టి పీడీఎఫ్ కొంటే మళ్ళీ మొదటినుంచి గీయించుకోవాలి. లైసెన్సు ఒక ఇంటికే. మీ బావమరిది అదే ప్లాన్ వాడతానంటే కుదరదు. సౌత్ కరొలైనా లైసెన్సున్న ఇంజనీర్ ముద్ర లేకుండా సాధారణంగా పర్మిట్ కదలదు, ఆ ఫీజు ప్లాన్ ధర కన్నా ఎక్కువే అవుతుంది, బెదరకండి. స్థలంలో పెద్ద లైవ్ ఓక్ ఉందన్నారు. చార్లెస్టన్‌లో అయితే 24 అంగుళాల వ్యాసం దాటిన చెట్టుని గ్రాండ్ ట్రీ అంటారు, అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. మీ ఊరి నిబంధన చూసుకోండి, ఎందుకంటే ఆ చెట్టు పడమర మూల ఉంటే కారు లోపలికి వచ్చే దారి మారుతుంది, దారి మారితే కింద స్తంభాల వరస మారుతుంది.

ఎలివేషన్ సర్టిఫికెట్ (స్థలం మట్టాలు రాసిచ్చే కాగితం), సర్వే కాగితం, రెండో ప్లాన్ సెక్షన్ షీటు మీ పేరు, చిరునామా కొట్టేసి ఇక్కడ పెట్టండి. జాయిస్టులు ఏ దిక్కుకి పరిచారో చూస్తే డక్టులు ట్రస్సుల్లో ఇముడుతాయో లేదో చెప్పగలను.